జోగులమ్మ ఉరకని పరుగు

పొద్దున ఎనిమిదింటికి వనపర్తి డిపోలో బస్సెక్కి గద్వాల పోవడం, అక్కడినుంచి బీచుపల్లి వంతెన, పెబ్బేరు, వనపర్తి, బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ చేరడం, సాయంత్రానికి మళ్లీ వనపర్తి. కండక్టరు జోగులమ్మ దినచర్య ఇది. రోజుకు దగ్గర దగ్గర రెండు వందల కిలోమీటర్లు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆమె తిరిగిన దూరమంతా ఒకచోట కలిపితే భూమిని ఎన్నిసార్లు చుట్టి రావచ్చో. అయినా కర్నూలు, శ్రీశైలం, హైదరాబాదు తప్ప నాలుగో పెద్ద ఊరు చూడలేదని అప్పట్లో నవ్వుతూ చెప్పేది.

పెబ్బేరులో ఎక్కి నాగర్‌కర్నూల్‌లో దిగే పని నాకు చాలాకాలం ఉండేది. ముందు తలుపు దగ్గరి సీటులో పుస్తకం తెరుచుకుని కూర్చునేవాణ్ణి. "సారూ, ఆ పుస్తకంల ఏమున్నదో గని మీ స్టేజీ వచ్చింది" అని లేపేది ఆమే. ఇక్కడ రాస్తున్నదంతా ఆమె ఆ సీటు పక్కన నిలబడి, టికెట్లు కొట్టడం అయిపోయాక, ముక్కలు ముక్కలుగా చెప్పినది. చివరి భాగం మాత్రం నేను చెవులారా విన్నది.

ఆమెది గద్వాల దగ్గర ఒక మెట్టపొలాల పల్లె. పెళ్లయి వనపర్తికి వచ్చింది. భర్త ఎల్లన్న ట్రాక్టరు నడుపుతాడు. మంచివాడు, మాట తక్కువ మనిషి. అత్తగారి వైపు చుట్టాలు, పుట్టింటి వైపు చుట్టాలు, డిపోలో తోటివాళ్లు, బస్సులో రోజూ పలకరించేవాళ్లు, అందరూ ఉన్నారు. కానీ వాళ్లెవరినీ ఆమె ఏరుకోలేదు. నలభై మూడేళ్లు వచ్చేదాకా తనంతట తాను ఏరుకున్న స్నేహితులు ఆమెకు లేరు. తర్వాత ఇద్దరు దొరికారు.

సుగరు అంచున ఉంది, రోజూ నడవమని దవాఖానలో డాక్టరు చెప్పాడు. తెల్లవారుజామున పెద్దమందడి రోడ్డు మీద నడవడం మొదలుపెట్టింది. అదే రోడ్డు మీద సుహానా నడిచేది. బిజినేపల్లిలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నర్సు, రోజూ జోగులమ్మ బస్సులోనే డ్యూటీకి పోతుంది. జోగులమ్మ కంటే తొమ్మిదేళ్లు చిన్న. బస్సులో ముఖం తెలుసు, రోడ్డు మీద మాట కలిసింది. కొన్ని నెలలకు తేజస్విని వచ్చి చేరింది. పెద్దమందడి వైపు ఒక బడిలో ఆటలు నేర్పే టీచరు, ముగ్గురిలో అందరికంటే చిన్నది. వీళ్లిద్దరినీ నడక నుంచి పరుగుకు ఎక్కించింది ఆమే.

"ఉరుకుతే మోకాళ్లు పోతయి పిల్లా" అని జోగులమ్మ అంటే, "ఇరవై ఏండ్లు బస్సుల నిలబడ్డ మోకాళ్లు అక్కా, గవి ఇంక ఏడికి పోవు" అని తేజస్విని.

పంజాబీ డ్రెస్సూ, కాన్వాసు బూట్లూ వేసుకుని నలభై ఏళ్లు దాటిన ఆడమనిషి రోడ్డు మీద పరుగెత్తడం మొదట్లో వింతగానే ఉండేది. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు అడిగేవాళ్లు: "ఏందక్కా, బస్సు తప్పిపోయిందా?"

"నేను లేకుంటే నా బస్సు పోదు బిడ్డా. నువ్వు నీ ఛాయ్ సల్లారకుండ జూస్కో."

మూడేళ్లు అట్లా గడిచాయి. అయిదు కిలోమీటర్లు పదయ్యాయి, పది పదిహేనయ్యాయి. ఒకసారి హైదరాబాదు పోయి ఇరవై ఒక్క కిలోమీటర్లు ఉరికి వచ్చారు. సుహానా రోకలితో దంచి తెచ్చిన ఖర్జూరపు ముద్దలు, జోగులమ్మ వేయించి తెచ్చిన పల్లీలు, తేజస్విని అరుపులు. ముగ్గురిలో ఎవరికి ఇంట్లో ఏం జరిగినా మిగతా ఇద్దరికీ మరునాటి పొద్దుకు తెలిసేది. "గా రోడ్డు మీద చెప్పుకున్న ముచ్చట్లు మా ఆయనకు గూడ తెల్వయి సారూ" అంది ఒకసారి.

లద్దాఖ్ మాట తెచ్చింది తేజస్వినే. ఫోనులో ఒక వీడియో చూపింది. చెట్టు అన్నది లేని గోధుమరంగు కొండలు, వాటి మధ్య నల్లటి తారురోడ్డు, దాని మీద వందలమంది పరుగు.

"పదకొండు వేల అడుగుల ఎత్తట అక్కా. ఊపిరి తీసుకునేతందుకు గాలి గూడ సరిగ్గ ఉండదట."

"దసరా నాడు మా బస్సుల ఉన్నంత గాలన్న ఉంటదా?"

"గంత ఉంటది."

"ఇగ భయమేంది మరి?"

నవ్వుకుంటూ మొదలైన మాట నెల తిరిగేసరికి నిజమైంది. జోగులమ్మ చీటీ ఎత్తింది, సెలవు పెట్టింది. ఎల్లన్న మాత్రం ఒక్కమాట అడిగాడట: "ఈడ ఉరికేతందుకు జాగ లేదా?"

"ఈడ తిరిగిన తొవ్వనే తిరుగుతున్న గదనయ్యా, ఇరవై ఏండ్లసంది. ఒక్కపారి కొత్త తొవ్వల ఉరికొస్త."

ఆయన మరునాడు బజారుకు పోయి ఉన్ని టోపీ కొనుక్కొచ్చి పెట్టాడు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

జోగులమ్మ పెళ్లికి ముందు నాలుగుసార్లు తల్లి బాలమ్మతో కలిసి శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయింది. ఆ పల్లె నుంచి పోయే గుంపుకు ఒక కట్టుబాటు ఉండేది. బయలుదేరినవాళ్లలో ఒకరు కూర్చుంటే అందరూ కూర్చోవాలి. లేచేదాకా ఎవరూ ముందుకు పోకూడదు. ఒక ఏడు నల్లమలలో బాలమ్మ పాదం వాచి అడుగు పడలేదు. గుంపంతా ఆమె చుట్టూ కూలబడింది. ఒకపూట గడిచింది, రాత్రి గడిచింది. శివరాత్రి దాటిపోతుందని ఒకాయన గొణిగితే గుంపు పెద్ద అన్నాడట: "దేవుడు ఏడికి పోతడురా? ఆయన గూడ కొండ మీద కూసోనే ఉన్నడు. బాలమ్మ లేసినంక పోదం." వాళ్లు చేరేసరికి పండుగ అయిపోయి, అంగళ్లు సర్దుతున్నారు. ఎవరూ బాలమ్మను ఒక్కమాట అనలేదు. మనుషులు కలిసి ఒక దూరం పోవడమంటే జోగులమ్మకు తెలిసిన అర్థం అది.

ఆ అర్థాన్నే ఆమె పరుగు పందేనికి కూడా తీసుకుపోయింది. పొరపాటంటే అదే. పందెం నడకయాత్ర కాదు. అక్కడ పక్కవాడు కూర్చున్నా, పడిపోయినా, గీత దాటినవాడికే పతకం. ఈ సంగతి తేజస్వినికి తెలుసు. సుహానాకూ తెలిసే ఉంటుంది. అయినా బయలుదేరే ముందు శనివారం ముగ్గురూ బీచుపల్లి పోయారు. జోగులమ్మ, తేజస్విని ఆంజనేయస్వామి దర్శనం చేసుకొచ్చేదాకా సుహానా మెట్ల మీద చెప్పులకు కాపలా కూర్చుంది. తర్వాత ముగ్గురూ కృష్ణలో దిగారు. మోకాలిలోతు నీళ్లలో నిలబడి జోగులమ్మ అడిగింది.

"ముగ్గురం పోతున్నం. ముగ్గురం ఉరకాలె. ఒక్కరు ఆగితే ముగ్గురం ఆగాలె. నీళ్లల్ల చెయ్యి పెట్టి చెప్పుండ్రి."

"అక్కా, పందెంల గట్లుండది" అంది తేజస్విని.

"పందెంల ఉండకపోనీ. మనల ఉండాలె."

మొదట చెయ్యి ముంచింది సుహానా. బిస్మిల్లా అనుకుని, "ఒక్కరు ఆగితే ముగ్గురం ఆగుతం" అంది. తేజస్విని కూడా అంది. ఇద్దరూ నవ్వుతూనే అన్నారు. జోగులమ్మ నవ్వలేదు.

ఢిల్లీ దాకా రైలు, అక్కడినుంచి విమానం. పందేనికి ఆరు రోజుల ముందే లేహ్ చేరారు. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడాలని నిర్వాహకుల నియమం. మొదటి రెండు రోజులు గది దాటొద్దన్నారు. మూడోరోజు డేరాలో డాక్టర్లు రక్తపోటు చూశారు, వేలికి చిన్న మిషను తగిలించి చూశారు. ముగ్గురినీ సరేనన్నారు. నంబరు ముద్రించిన గుడ్డలు ఇచ్చారు. జోగులమ్మ తన గుడ్డను దిండు కింద పెట్టుకుని పడుకుంది.

శుక్రవారం నాడు ఆమెకు తల పగిలేంత నొప్పి మొదలైంది. మెట్లు ఎక్కితే గుండె చెవుల్లో కొట్టుకుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వాంతి అయింది. స్నానాల గదిలో నీళ్లు విప్పి, చప్పుడు వినపడకుండా కక్కుకుంది. బయటికి వస్తే ఎదురుగా సుహానా.

"అక్కా, నీ పెదవులు జూడు. నీలంగ అయినయి."

"సలికి."

"నేను నర్సును అక్కా. నాకు చెప్పకు సలికి అని."

జోగులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎవ్వరికి చెప్పకు. ఎల్లుండి దాక ఓర్సుకుంట. నేను ఆగితే మీరు గూడ ఆగాలె. మీ ఇద్దరి పాపం నాకెందుకు?"

ఆమె దాచింది తనకోసం కాదు. తను కూర్చుంటే వాళ్లు కూర్చోవలసి వస్తుంది. అంతదూరం వచ్చి, తన మూలంగా ఆ పిల్లలు పరుగు మానుకోవలసి వస్తుంది. బాలమ్మ వాచిన కాలుతో కూర్చున్నప్పుడు గుంపు ముఖాలు చూడలేక కొంగు కప్పుకోవడం జోగులమ్మ చూసింది. ఆ బరువు తనకు వద్దనుకుంది.

సుహానా చివరికి, "చెప్పనక్కా, నీ మీద ఒట్టు" అంది.

మరునాడు శనివారం. ఇరవై రెండేళ్లుగా జోగులమ్మకు శనివారం ఒక్కపొద్దు. బాగా తినమని, గంటగంటకూ నీళ్లు తాగమని నిర్వాహకులు చెప్పిపోయారు. ఆమె మధ్యాహ్నం ఒక్కపూట రెండు రొట్టెలు తుంచి, సగం తిని వదిలేసింది.

"ఒక్క వారం ఇడిసిపెడితే హనుమంతుడు ఏమన్న అనుకుంటడా?" అని తేజస్విని కోప్పడింది.

"ఆయన అనుకోడు. నాకే నిద్ర పట్టది."

సాయంత్రం సుహానా తలకు దుపట్టా చుట్టుకుని తయారైంది. బజారులో పెద్ద మసీదు ఉంది, చూసొస్తానంది. "నీ కోసం దువా చేసొస్త అక్కా." తేజస్విని కూడా తోడు పోయింది. జోగులమ్మ మంచం మీద కూర్చుని ముగ్గురి గుడ్డలకూ పిన్నులు సరిచూసింది. వాళ్లు తిరిగొచ్చి ఆమె కళ్లలోకి చూడకుండా పడుకున్నారు. పరుగు బెంగ అనుకుంది.

ఇంకా చీకటి ఉండగానే ఆమెకు మెలకువ వచ్చింది. అసలు సరిగ్గా నిద్రపోలేదు. గదిలో దీపం లేదు. ఫోను వెలుతురులో ఇద్దరూ తయారవుతున్నారు. మాట లేదు. సంచి జిప్పు కూడా చప్పుడు కాకుండా కొద్దికొద్దిగా జరిపి మూశారు. తర్వాత బూట్లు చేతుల్లో పట్టుకుని, మేజోళ్లతో, మునివేళ్ల మీద తలుపు దాకా నడిచారు. తేజస్విని గడియ తీసింది. సుహానా ఒకసారి వెనక్కి చూసింది. జోగులమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఆ చీకట్లో అవి సుహానాకు కనపడలేదు. తలుపు మెల్లగా మూసుకుంది. మెట్ల మీద కూర్చుని బూట్లు కట్టుకున్న చప్పుడు వినిపించింది.

"నాకు అప్పటికి గూడ తెల్వలె సారూ" అని చెప్పింది. "జరసేపు పండనీ అక్కను, ఛాయ్ తెచ్చి లేపుదం అని పోయిండ్రేమో అనుకున్న. ఎంత పిచ్చిదాన్నో జూడుండ్రి."

ఛాయ్ రాలేదు. ఆమే లేచింది. డ్రెస్సు వేసుకుంది, ఎల్లన్న కొన్న టోపీ పెట్టుకుంది, గుడ్డ గుండెల మీద పిన్నులతో గుచ్చుకుంది. దారి అడుక్కుంటూ మైదానం చేరింది. లోపలికి పోయే చోట ఒక అమ్మాయి చేతిలో కాగితం పట్టుకుని నిలబడి ఉంది. జోగులమ్మ నంబరు చూసి, కాగితం చూసి, ఒక పక్కకు రమ్మంది. గద్వాల, వనపర్తి బస్సుల్లో ఇరవై ఏళ్లు టికెట్లు కొట్టిన మనిషికి ఉర్దూ రాకపోదు. ఆ అమ్మాయి హిందీలో చెప్పిన ప్రతి మాటా అర్థమైంది. నిన్న సాయంత్రం మీ స్నేహితులే డేరాకు వచ్చి చెప్పారు. రెండుసార్లు వాంతి అయిందని, ఉపవాసం ఉన్నారని. డాక్టరు మీ పేరు తీసేశారు. ఇది మీ మంచికే అమ్మా.

ఆ అమ్మాయి చిన్న కత్తెరతో నంబరు మూల కత్తిరించింది. ఇక అది చెల్లదన్న గుర్తు. తర్వాత చాలా మర్యాదగా ఒక కుర్చీ చూపింది.

జోగులమ్మ కూర్చోలేదు. తాడుకు ఇవతల నిలబడి చూసింది. జనంలో ముందు తేజస్విని కనిపించింది, ఒంటికాలి మీద నిలబడి మడమ వెనక్కి పట్టుకుని. ఆమె పక్కనే సుహానా, రెండు అరచేతులూ ముఖం ముందు పెట్టుకుని, పెదవులు కదుపుతూ. చేతులు దించగానే సుహానా కళ్లు సూటిగా జోగులమ్మ మీద పడ్డాయి. ఇద్దరి మధ్యా ఇరవై అడుగులు కూడా లేవు. సుహానా నోరు తెరిచింది. అంతలో తుపాకి పేలింది. జనం కదిలింది. సుహానా ఒక్క క్షణం నిలబడింది. వెనకనుంచి వస్తున్నవాళ్లు ఇద్దరు ఆమెను తగిలి పోయారు. తర్వాత ఆమె తల తిప్పుకుని ఉరికింది.

"ఆ ఒక్క క్షణం సారూ" అంది జోగులమ్మ. "ఆ జర్రసేపు నిలబడ్డది గద. వస్తదనుకున్న."

ఇద్దరూ పతకాలతో గదికి వచ్చేసరికి జోగులమ్మ కిందినుంచి రెండు బకెట్ల వేడినీళ్లు అడిగి తెచ్చి పెట్టింది. "కాళ్లు పెట్టుండ్రి. సలికి గట్టిపడ్డయి" అంది. అంతే. ఎందుకని అడగలేదు. తిట్టలేదు. తేజస్విని కాళ్లు నీళ్లలో పెట్టి ఊపిరి పీల్చుకుంది: "హమ్మయ్య. అక్కకు కోపం లేదు." సుహానా మాత్రం బకెట్ ముందు కూర్చుని ఏడ్చింది. నీళ్లు చల్లారిపోయినా కాళ్లు పెట్టలేదు.

తిరుగు ప్రయాణంలో జోగులమ్మ కిటికీ వైపు కూర్చుని, దారంతా రైల్వేస్టేషన్ల పేర్లు చదువుకుంది.

వనపర్తిలో దిగేసరికి ఫ్లెక్సీ కట్టి ఉంది. ముగ్గురి ఫోటోలు, ముగ్గురి పేర్లు, హిమాలయాలు జయించిన పాలమూరు ఆడబిడ్డలని పెద్ద అక్షరాలు. పొద్దున నడిచేవాళ్ల సంఘం ఒకటి ఫంక్షన్ హాలులో సన్మానం పెట్టింది. జోగులమ్మ ఉరకలేదన్న సంగతి ఎవరికీ తెలియదు. ముగ్గురూ పూర్తి చేశారని లేహ్ నుంచే ఫోనులో చెప్పింది తేజస్విని.

"గట్లెందుకు చెప్పినవు?" అని అడిగితే, "నీ ఇజ్జత్ పోతదని అక్కా. అంత దూరం పోయి ఉరకలేదంటే జనం ఏమంటరు? నీ మంచికే" అంది.

అప్పటికి ఆ మాట ఆమె రెండోసారి విన్నది.

డిపోలో అందరూ పొమ్మని వెంటపడితే సన్మానానికి పోయింది. వేదిక మీద ఒక పెద్దమనిషి ఆమె మెడలో పతకం వేశాడు. తల తిప్పి చూస్తే సుహానా మెడ బోసిగా ఉంది. తన పతకం తెచ్చి ఇచ్చిందన్నమాట. "టికెట్ లేకుండ బస్సు ఎక్కినట్టనిపించింది సారూ. ఇరవై ఏండ్లల్ల ఎంతమందిని దింపిన నేను!" మైకు ఆమె చేతికి ఇచ్చారు. జోగులమ్మ ఒక్కటే మాట అంది.

"నేను ఉరకలె. నన్ను ఆపిండ్రు."

వెంటనే పెద్దమనిషి మైకు అందుకున్నాడు. "సూసిండ్రా! గంత కొండ ఎక్కొచ్చి గూడ ఎంత తగ్గి మాట్లాడుతుందో! గిదే పాలమూరు బిడ్డ అంటే." చప్పట్లు మోగిపోయాయి. వెనక వరసలో ఎల్లన్న ఒక్కడే చప్పట్లు కొట్టలేదట. ఆయనకు ఆమె గొంతు తెలుసు.

కిందికి దిగాక ఆమె పతకం తీసి, సుహానా సంచిలో వేసి ఇంటికి పోయింది. మరునాటి నుంచి పెద్దమందడి రోడ్డుకు పోలేదు. సుహానా కూడా జోగులమ్మ బస్సు వదిలేసి, దాని వెనక వచ్చే బస్సుకు పోసాగింది. తేజస్విని ఫోను చేస్తే జోగులమ్మ ఎత్తి, బాగున్నానని చెప్పి పెట్టేసేది. నాలుగు నెలలు.

జనవరిలో ఒక సోమవారం నేను నా సీటులో ఉన్నాను. వనపర్తిలో జనం ఎక్కారు. జోగులమ్మ ముందునుంచి టికెట్లు కొట్టుకుంటూ పోతోంది. ఆడవాళ్లకు ఉచితం వచ్చాక ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్ కొట్టి ఇవ్వాలి. రోజూ వచ్చేవాళ్లను ఎవరూ అడగరు, ముఖం చూసి కొట్టేస్తారు. నా వెనక సీటు దగ్గర ఆమె గొంతు ఆగింది.

"ఆధార్ చూపియ్యమ్మా."

తిరిగి చూశాను. సుహానా. ఆమె జోగులమ్మ ముఖంలోకి చూసింది. తర్వాత సంచి వెతికి కార్డు తీసి ఇచ్చింది. జోగులమ్మ కార్డు మీద ఫోటోను, ఆమె ముఖాన్ని చూసింది, నిజంగానే పోల్చి చూస్తున్నట్టు.

"ఏడికి?"

మూడేళ్లు ప్రతిరోజూ దింపిన మనిషిని ఏడికి అని అడిగింది. సుహానా బిజినేపల్లి అనలేదు. "నాగర్‌కర్నూల్" అంది. టికెట్ చిరిగిన చప్పుడు.

బిజినేపల్లిలో ఆమె దిగలేదు. నాగర్‌కర్నూల్ బస్‌స్టాండులో అందరూ దిగిపోయారు. డ్రైవరు టీకి పోయాడు. నేను సంచి సర్దుకుంటూ ఉండిపోయాను. పోదామనుకున్నాను కానీ, లేస్తే వాళ్ల మధ్యనుంచే పోవాలి.

సుహానా ముందుకు వచ్చి కండక్టరు సీటు ఎదురుగా నిలబడింది.

"తిట్టరాదు అక్కా. కొట్టరాదు. గిట్ల ఆధార్ అడగకు."

"రూలు."

"నీ ఆక్సిజన్ ఎంతకు పడ్డదో నేను జూసిన. నువ్వు నిద్రల ఉన్నప్పుడు నీ వేలికి మిషన్ పెట్టిన. ఉరికితే సగం తొవ్వల పడిపోదువు. నీ పానం కోసం చెప్పిన."

"పానం కోసం చెప్పినవు. మంచిగ చేసినవు. అది నేనెన్నడు తప్పు అనలె." జోగులమ్మ టికెట్ మిషనును ఒళ్లో పెట్టుకుంది. "నాకెందుకు చెప్పలె?"

"చెప్తే నువ్వు ఇనవు."

"ఇనకపోదును. కొట్లాడుదును. అయినా చెప్పేది ఉండె. నీ మీద ఒట్టు అన్నవు. దువాకు పోతున్న అన్నవు."

"దువా గూడ చేసిన అక్కా. అల్లా మీద ఒట్టు. ఆడ చేసినంకనే డేరాకు పోయిన. రెండూ చేసిన."

జోగులమ్మ తల ఊపింది. నమ్మినట్టే ఊపింది. "నేను మీ కోసం దాసిన. మీరు ఆగొద్దని."

"మేము నీ కోసం చెప్పినం."

"మరి ఉరికింది ఎవరి కోసం?"

బయట మైకులో కొల్లాపూర్ బస్సు గురించి ఏదో చెబుతున్నారు. సుహానా సీటు ఊచను రెండు చేతులతో పట్టుకుంది. ఏదో ఒక సాకు చెబుతుందని నేను అనుకున్నాను. తేజస్విని బలవంతం అనో, అంతదూరం వచ్చాం గదా అనో. జోగులమ్మ కూడా అదే అనుకుని ఉంటుంది, ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఉరకాలనిపించింది అక్కా" అంది సుహానా. "నిన్ను జూసిన. ఆగాలె అనుకున్న. కాళ్లు ఆగలె. నా బతుకుల గసువంటి రోజు మళ్ల రాదనిపించింది. నిన్ను ఇడిసిపెట్టి ఉరికిన. ఉరుకుతుంటే మంచిగనిపించింది గూడ. అబద్ధం ఎందుకు చెప్పాలె."

జోగులమ్మ ఖాకీ చొక్కా గుండీ ఒకటి ఊడితే పెట్టుకుంది.

"గీ మాట ఆ రోజే, బకెట్ ముందు కూసున్నప్పుడు చెప్తే అయిపోతుండె గద పిల్లా."

"ధైర్యం చాలలె."

"గంత ఎత్తుల ఉరికినదానివి."

అది ఎత్తిపొడుపే. కానీ నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె నోట పిల్లా అన్న పిలుపు వచ్చింది. సుహానా ముఖంలో ఆశ కదిలింది. ముందుకు వంగి జోగులమ్మ చెయ్యి పట్టుకుంది.

"మాఫ్ చేసినవా అక్కా?"

"మాఫ్ ఎప్పుడో చేసిన. నువ్వు లేకుంటే నేను ఆ కొండల్లనే పోతుంటి, నాకు తెల్వదా?" జోగులమ్మ ఆ చేతిని విదిలించలేదు. పట్టుకోనూ లేదు. "నమ్ముడే చేతనైతలేదు. ఎంత జేసినా అయితలేదు. నువ్వు ఎదురుంగ నిలబడ్డవు, నిజం చెప్తున్నవు, అంతా తెలుస్తుంది. అయినా మనసుల చీకట్ల కండ్లు తెరుసుకోనే పండుకున్నట్టున్నది. నేనేం జెయ్యాలె, చెప్పు?"

సుహానా చెయ్యి తీసుకుంది. బిజినేపల్లికి తిరిగి పోయే బస్సు ఇదే, డ్యూటీకి ఇప్పటికే ఆలస్యమైంది. అయినా ఆమె దిగిపోయింది. వేరే బస్సు కోసం ప్లాట్‌ఫారం చివరికి నడిచి, స్తంభం పక్కన నిలబడింది.

నేను కూడా దిగాను. జోగులమ్మ నన్ను చూసింది. అన్నీ విన్నానని ఆమెకు తెలుసు. "పైలం సారూ, మెట్టు ఎత్తుగుంటది" అంది, రోజూ అన్నట్టే.

పల్లీ మూట నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె బస్సు దగ్గరికి వచ్చి అడిగింది: "అమ్మా, గిది వనపర్తి పోతదా?"

"పోతది. ఎక్కు అవ్వా. మూట ఇట్లియ్యి" అని జోగులమ్మ కిందికి దిగి రెండు చేతులూ చాచింది.